మూడు పూటలా తోమినా పోని పాచి: క్లిప్పుల చికిత్సలో ఒక కేసు

తిరుపతిలో పళ్ళకు క్లిప్పులు వేయడం నా పని. పంటిని ఎంత బరువుతో ఎటు లాగితే ఎటు జరుగుతుందో పీజీలో మూడేళ్ళు నేర్పారు. ఆ పళ్ళ మీద కాపురం ఉండే సూక్ష్మజీవుల గురించి పుస్తకంలో చదివి పరీక్ష రాశానే తప్ప, అవి నా వైద్యానికి ఎలా అడ్డం తిరుగుతాయో ఈ కేసు వచ్చేదాకా సరిగా పట్టించుకోలేదు. అమ్మాయి, వాళ్ళ నాన్న ఇద్దరూ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వాళ్ళను గుర్తుపట్టే వివరాలు వదిలేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

అమ్మాయికి అప్పుడు 16 ఏళ్ళు. సొంతూరు ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి వైపు ఒక పల్లె. తిరుపతిలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం చేరింది. పై పళ్ళు ముందుకు వచ్చాయి. కింది పళ్ళు చోటు చాలక ఒకదాని మీదొకటి ఎక్కాయి. నాలుగు చిన్న దవడ పళ్ళు తీసి, 20 పళ్ళకు క్లిప్పులు అతికించి, 22 నెలల్లో పూర్తి చేయవచ్చని లెక్క వేశాను. మామూలు కేసే.

మొదటి రోజు కేసు షీటు ఇప్పుడు తిరగేస్తే రెండు విషయాలు కళ్ళకు కొడతాయి. ఒకటి, కింది దవడ పళ్ళు రెండింటికి పాత ఫిల్లింగులు ఉన్నాయి. ఇంతకు ముందు పళ్ళు పుచ్చిన నోట్లో మళ్ళీ పుచ్చే అవకాశం ఎక్కువని ఏ దంతవైద్యుడిని అడిగినా చెబుతాడు. నేను వాటిని ‘ఫిల్లింగులు బాగున్నాయి’ అని రాసుకుని వదిలేశాను. రెండోది, ‘నోటి శుభ్రత: పర్వాలేదు’ అన్న మాట. పర్వాలేదు అంటే ఏమిటో నాకే తెలియదు. ఏ పేస్టు వాడుతుందో అడగలేదు. హాస్టల్లో తిండి, నిద్ర, నీళ్ళు ఎలా ఉంటాయో అడగలేదు. బ్రష్ ఎలా పట్టుకోవాలో ప్లాస్టిక్ పళ్ళ మీద ఐదు నిమిషాలు చూపించి పంపాను. ఒక మంచి పని మాత్రం చేశాను. క్లిప్పులు వేసే ముందు పళ్ళను గాలితో ఆరబెట్టి దగ్గరగా ఫోటోలు తీశాను. తర్వాత అవే ఆదుకున్నాయి.

వచ్చినప్పటి సమస్య

మొదటి రెండు నెలలు సరిగా వచ్చింది. తర్వాత కాలేజీ వాళ్ళు బయటికి పంపలేదు. నెలకు ఒక్క ఆదివారం ఔటింగ్, అది కూడా పరీక్షలుంటే రద్దు. ఐదో నెలలో వచ్చినప్పుడు నోరు తెరవగానే వాసన కొట్టింది. పై చిగుళ్ళు ఉబ్బి కోరపళ్ళ దగ్గర క్లిప్పులను సగం కప్పేశాయి. చిగురును తడిమి చూసే సన్నటి కడ్డీ, ప్రోబ్, తగిలిస్తే చాలు రక్తం. ముందు 12 పళ్ళలో పదింటి దగ్గర రక్తం కారింది. తీగను క్లిప్పుకు పట్టి ఉంచే, నెలకోసారి మార్చాల్సిన రంగు రబ్బర్లు మూడు నెలలుగా అవే ఉండి, రంగు పోయి సాగిపోయాయి.

విచిత్రం ఏమిటంటే పైకి చూస్తే పళ్ళు శుభ్రంగానే ఉన్నాయి. ‘రోజుకు మూడు తూర్లు తోముతానే ఉండా సార్’ అంది. అబద్ధం కాదనిపించింది. పాచికి రంగు పట్టించే మాత్ర నమిలించి చూస్తే కథ తెలిసింది. పంటి మధ్య భాగం తెల్లగా మెరుస్తోంది. క్లిప్పుకూ చిగురుకూ మధ్య ఉన్న సన్నని పట్టీ, తీగ కింది భాగం మాత్రం ముదురు గులాబీ. బ్రష్ క్లిప్పు నెత్తిన ఎక్కి దిగిపోతోంది, దాని కింద చూరులోకి దూరడం లేదు.

గాలితో ఆరబెడితే ఇంకోటి బయటపడింది. పై పక్క పళ్ళు రెండు, కోరపళ్ళు రెండు, మొత్తం నాలుగింటి మీద చిగురు పక్కన సున్నం పూసినట్టు తెల్లటి మరకలు. వాళ్ళ నాన్న చూసి, ‘మా ఊర్లో అందరి పండ్లూ ఇట్లే ఉంటాయి సార్. బోరు నీళ్ళు’ అన్నాడు. తోసిపుచ్చే మాట కాదు. ఆ వైపు కొన్ని పల్లెల్లో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఫర్వాలేదని మన ప్రమాణాలు చెబుతాయి. అంతకు మించిన నీళ్ళు చిన్నప్పటి నుంచి తాగితే పళ్ళ మీద తెల్ల చారలు, గోధుమ మచ్చలు వస్తాయి. అయితే ఆ చారలు చిగురు లోపల పన్ను తయారయ్యే వయసులోనే పడతాయి. కుడి ఎడమ జత పళ్ళ మీద దాదాపు ఒకే తీరుగా, అడ్డంగా, అంచు తెలియకుండా కలిసిపోతాయి. ఈ మరకలు క్లిప్పు అంచును ఆనుకుని నెలవంకలా ఉన్నాయి. పైగా ఐదు నెలల కిందటి ఫోటోల్లో లేవు. ఇవి యాసిడ్‌కు కరిగిన ఎనామెల్, అంటే పంటి గట్టి పైపొర. క్లిప్పులు వేసిన నాలుగు వారాల్లోనే ఇలాంటి మరక పడగలదు. 1982లో అమెరికాలో గోరెలిక్ బృందం చూసిన క్లిప్పుల పేషెంట్లలో దాదాపు సగం మందికి కనీసం ఒక పంటి మీదైనా తెల్ల మరక ఉంది. క్లిప్పులు వేసుకోని వాళ్ళలో అది పావు వంతే.

చిగుళ్ళు అంతగా ఉబ్బితే పాచి ఒక్కటే కారణమని తేల్చేయకూడదు. ఫిట్స్ మాత్రలు, బీపీ మాత్రలు కొన్ని చిగుళ్ళను పెంచుతాయి. ఆమె ఏ మందులూ వాడటం లేదు. రక్తకణాలు, షుగర్ పరీక్షలు చేయించాను, మామూలుగానే వచ్చాయి. తీగల్లో నికెల్ ఉంటుంది కాబట్టి నకిలీ నగలు పెట్టుకుంటే దురద వస్తుందా అని అడిగాను. రాదంది. రాత్రి నోరు తెరుచుకుని నిద్రపోతుందా అంటే పక్క మంచం అమ్మాయి లేదని చెప్పిందట. ఆ వయసులో హార్మోన్ల వల్ల చిగుళ్ళు కొంచెం పాచికే ఎక్కువ వాస్తాయి. దాన్ని మార్చలేం. మిగిలింది పాచి.

నోట్లో ఏం జరిగి ఉంటుందని నేననుకున్నది

క్లిప్పులతో నోట్లోకి కొత్త క్రిములు వస్తాయని చాలామంది అనుకుంటారు. వాళ్ళ నాన్నా అదే అడిగాడు, ‘ఆ ఇనుములో ఏమన్నా ఉండాదా సార్?’ అని. ఇనుములో ఏమీ లేదు. మనిషి నోళ్ళలో ఇప్పటిదాకా గుర్తించిన బాక్టీరియా రకాలు 700కు పైనే. ఒక్కో నోట్లో వాటిలో కొన్నే ఉంటాయి. పన్ను తోమిన కొన్ని నిమిషాలకే లాలాజలంలోని ప్రోటీన్లు దాని మీద పల్చటి పొర కడతాయి. దాని మీద మొదట స్ట్రెప్టోకాకస్ జాతివి చేరతాయి. ఎక్కువ భాగం నెమ్మదస్తులే. కదిలించకుండా కొన్ని రోజులు వదిలేస్తే పొర మందమవుతుంది, అడుగున గాలి ఆడదు, గాలి అక్కర్లేనివి చేరతాయి. నాలుక, పెదవి రాచుకుంటూ, లాలాజలం కడుగుతూ ఉన్నంత కాలం ఇది అదుపులో ఉంటుంది. క్లిప్పు అతికించగానే ఒక్కో పంటి మీద నాలుగు చూర్లు, ఒక తీగ, ఒక రబ్బరు వచ్చి పడతాయి. నాలుక అందదు, లాలాజలం కడగదు.

ఉన్న వాటిలోనే బలం ఒకరి చేతి నుంచి ఇంకొకరికి మారుతుంది. క్లిప్పులు వేశాక స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్, లాక్టోబాసిల్లై పెరుగుతాయని చాలా అధ్యయనాలు చూపించాయి. ఇవి చక్కెరను తిని యాసిడ్ వదిలే రకాలు, ఆ యాసిడ్‌లోనే హాయిగా బతికే రకాలు కూడా. చిగురు సందులో వేరే గుంపు పెరుగుతుంది: పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్, టానెరెల్లా ఫోర్సైథియా, ప్రివోటెల్లా ఇంటర్మీడియా లాంటివి. వీటికి చక్కెరతో పెద్ద పనిలేదు, వాచిన చిగురు నుంచి ఊరే ప్రోటీన్లే తిండి. వాసనలో ఎక్కువ పాలు వీటిదే.

అంటే ఈ అమ్మాయి నోట్లో రెండు వేర్వేరు గొడవలు పక్కపక్కనే నడుస్తున్నాయి. ఎనామెల్‌ను కరిగించేది ఒకటి, చిగురును ఉబ్బించేది ఇంకోటి. ఈ మాట ఇప్పుడు తేలిగ్గా రాస్తున్నాను. ఆ రోజు రెండింటినీ ‘శుభ్రత లేదు’ అన్న ఒకే సంచిలో వేశాను.

మొదట చేసింది, అది ఎందుకు నిలవలేదు

గార తీశాను. రబ్బర్లు మార్చాను. సందుల్లో దూరే చిన్న బ్రష్‌లు ఇచ్చాను. 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రెండు వారాలు రాశాను. చిగురు వాపు పాచి వల్లే అయితే పాచి పోగానే తగ్గాలి. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో బృందం 12 మంది చేత పళ్ళు తోమడం మాన్పించి చూసింది. పది నుంచి ఇరవై ఒక్క రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. తోమడం మొదలుపెట్టిన వారం రోజులకే మామూలయ్యాయి. ఆ ధైర్యంతోనే, రెండు వారాల్లో దారికి వస్తుందనుకున్నాను.

వచ్చింది కూడా. రెండు వారాలకు వాళ్ళ నాన్న ఫోన్లో పంపిన ఫోటోలో చిగుళ్ళు లేత రంగుకు తిరిగాయి. నేను సంతోషించి ఊరుకున్నాను. నెల తర్వాత మనిషి వచ్చింది. మళ్ళీ రక్తం, మళ్ళీ వాసన. దానికి తోడు పళ్ళ మీద టీ మరకల్లాంటి గోధుమ రంగు. ‘ఏం తిన్నా రుచి తెలియడంలే సార్’ అంది. రెండు వారాలు వాడమన్నది ఆరు వారాలు వాడింది. మండుతోంది కాబట్టి పని చేస్తోందనుకుందట. తోమిన వెంటనే పుక్కిలించేది. పేస్టులో నురగ కోసం వేసే పదార్థం క్లోర్‌హెక్సిడిన్ బలాన్ని విరిచేస్తుంది, కనీసం అరగంట ఎడం కావాలి. ఆ సంగతి నేను చెప్పలేదు. చీటీ మీద కూడా రాయలేదు.

సరిగా వాడి ఉన్నా నిలిచేది కాదని ఇప్పుడనుకుంటాను. క్లోర్‌హెక్సిడిన్ మంచివాటినీ చెడ్డవాటినీ చూడకుండా కొడుతుంది. మ్యూటన్స్ మీద బాగా పనిచేస్తుంది, లాక్టోబాసిల్లై మీద అంతగా కాదు. ముదిరిన పాచి పొర అడుగుదాకా దూరదు. ఆపగానే ఖాళీ అయిన చోటు మళ్ళీ నిండుతుంది. చూర్లు అవే, తిండి అదే అయినప్పుడు ఎవరు ముందు నిండుతారో అనుమానం అక్కర్లేదు. ఫిలిప్ మార్ష్ అనే మైక్రోబయాలజిస్టు 1990లలో ఇదే చెప్పాడు: జబ్బు తెచ్చే రకాలు ఎప్పుడూ కొద్దిగా ఉంటూనే ఉంటాయి, పరిసరాలు మారితేనే అవి పైచేయి సాధిస్తాయి. నేను వాళ్ళ నాన్నకు దీన్ని ఎలా చెప్పాలా అని తంటాలు పడుతుంటే ఆయనే అందుకున్నాడు. ‘మడిలో నీళ్ళు నిలిచినాయి, తుంగ మొలిచింది. తుంగ పీకతా కూర్చుంటే ఏమొస్తుంది సార్, నీళ్ళు తీయాల గానీ.’ ఆ తర్వాత చాలామంది పేషెంట్లకు ఇదే చెబుతున్నాను, ఆయన పేరు చెప్పకుండా.

ఆ పోలిక నాకు నచ్చింది కానీ, ఆ రోజు నేను చేసింది మాత్రం తిట్టడం. క్లిప్పులు తీసేస్తానని బెదిరించాను. అమ్మాయి ఏడ్చింది. మూడు పూటలా తోమే పిల్లను తోమడం లేదని తిడితే ఇంకేం చేస్తుంది.

ఆపాలా, తీయాలా

ఏడో నెలలో నా ముందున్న దారులు మూడు. క్లిప్పులు తీసేయడం: నాలుగు పళ్ళు తీసిన ఖాళీలు అలాగే మిగిలిపోతాయి, చేసిందంతా వృథా. ఏమీ పట్టనట్టు కొనసాగించడం: తెల్ల మరక మీద పొర విరిగి గుంట పడితే అది ఇక వెనక్కి రాదు, ఫిల్లింగే. మధ్య దారి పట్టాను. లాగే బలాలన్నీ ఆపి, పళ్ళను ఉన్నచోట పట్టి ఉంచే తీగ మాత్రం వేశాను. రబ్బర్లు పీకేసి సన్నటి స్టీలు తీగతో కట్టాను. రబ్బరు కన్నా స్టీలు కట్టు దగ్గర పాచి తక్కువ పడుతుందన్న అధ్యయనాలున్నాయి, పెద్ద తేడా లేదన్నవీ ఉన్నాయి. తెల్ల మరకలున్నప్పుడు నష్టం లేని పక్షం వైపు మొగ్గడం నా అలవాటు.

వాళ్ళ నాన్న ‘ఏదన్నా మాత్ర రాయరాదా సార్’ అన్నాడు. యాంటీబయాటిక్ రాయలేదు. జ్వరం లేదు, చీము లేదు, దవడ వాపు లేదు. పాచి పొరలో కూర్చున్న బాక్టీరియా మీద మాత్ర అంతగా పనిచేయదు. కడుపులోని మంచి బాక్టీరియాను కొట్టడానికి, మొండి రకాలను తయారు చేయడానికి మాత్రం పనికొస్తుంది. ఆయన ముఖంలో అసంతృప్తి కనిపించింది. ఫీజు తీసుకుని మందు రాయని డాక్టరంటే మన దగ్గర కొంచెం అనుమానమే.

చీమలు పట్టిన బాటిల్

అసలు సంగతి కనిపెట్టింది నేను కాదు, మా అసిస్టెంట్. ఎనిమిదో నెల రాబోతుండగా వచ్చినప్పుడు అమ్మాయి తన నీళ్ళ బాటిల్ కుర్చీ పక్కన పెట్టింది. తీగ మారుస్తుండగా మా అసిస్టెంట్ నా చెవిలో, ‘సార్, ఆ మూత చుట్టూ చీమలు చూడండి’ అంది.

నీళ్ళకు చీమలు పట్టవు. అందులో గ్లూకోజ్ పొడి, నిమ్మరసం. కాలేజీలో చేరిన కొత్తలో ఒకరోజు స్టడీ అవర్లో కళ్ళు తిరిగి పడిపోయిందట. అప్పటి నుంచి ఇంట్లో వాళ్ళు గ్లూకోజ్ డబ్బాలు పంపుతున్నారు. పొద్దున ఐదున్నరకు బాటిల్ నింపుకుంటే రాత్రి పదిన్నర దాకా క్లాసులోనూ స్టడీలోనూ గుక్క గుక్కగా తాగుతూనే ఉంటుంది. రోజుకు రెండు బాటిళ్ళు.

పెన్ను పట్టుకుని నిన్నటి రోజంతా చెప్పించాను. ఇంకొకటి తేలింది. తీగ బిగించిన ప్రతిసారీ నాలుగైదు రోజులు పళ్ళు నొప్పి. హాస్టల్ చపాతీ నమలలేదు. టీలో బిస్కెట్లు నానబెట్టుకుని, పాలలో బ్రెడ్డు ముంచుకుని తింటుంది. నా తీగలే ఆమె తిండిని మార్చాయన్నమాట. నమలడం తగ్గితే లాలాజలం తగ్గుతుంది. మెత్తటి పిండి పదార్థం చూర్లలో అతుక్కుంటుంది.

1940లలో స్టెఫాన్ అనే పరిశోధకుడు చక్కెర ద్రావణం పుక్కిలించాక పాచిలో యాసిడ్ ఎలా పెరుగుతుందో కొలిచాడు. యాసిడ్ పెరిగే కొద్దీ పీహెచ్ అనే అంకె తగ్గుతుంది. కొద్ది నిమిషాల్లోనే అది దిగజారుతుంది. తిరిగి మామూలుకు రావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. దాదాపు 5.5 కంటే కిందికి దిగితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది. రోజుకు మూడుసార్లు తీపి తింటే మిగతా సమయమంతా లాలాజలం ఆ నష్టాన్ని పూడుస్తుంది. పావుగంటకో గుక్క తాగితే పీహెచ్ పైకి లేచే సమయమే దొరకదు. పైగా నిమ్మరసం తనంతట తానే పులుపు. అమ్మాయి మూడు పూటలా తోముతోంది, నిజమే. తోమిన పది నిమిషాలకు మళ్ళీ గుక్క.

గ్లూకోజ్ మానమని చెప్పడం తేలికే. కళ్ళు తిరిగి పడిపోయిన పిల్లను మానమంటే ఇంట్లో వాళ్ళు ఎందుకు ఒప్పుకుంటారు? అందుకని ముందు ఆ పడిపోవడం ఎందుకో చూడమని ఒక ఫిజీషియన్ దగ్గరికి పంపాను. పొద్దున ఏమీ తినకుండా రెండు గంటల స్టడీలో కూర్చోవడమే కారణమని తేలింది. పొద్దున లేవగానే ఏదైనా తినాలి, తీపి ఏదైనా భోజనంతో పాటే, బాటిల్లో మంచినీళ్ళు మాత్రమే అని కుదిరింది. మజ్జిగ ఎన్నిసార్లయినా సరే. నొప్పి రోజుల్లో రాగి సంగటి మేలన్నాను, నమలకుండానే మింగేదే కదా. హాస్టల్లో అది దొరకదని నవ్వింది. పెరుగన్నం, ఇడ్లీ దగ్గర రాజీ పడ్డాం.

ఫ్లోరైడ్ అంటే భయం

పేస్టు తెమ్మన్నాను. వేప, లవంగం బొమ్మలున్న ట్యూబు. వెనక వైపు చిన్న అక్షరాలు చదివితే ఫ్లోరైడ్ లేదు. పొరపాటున కొన్నది కాదు. వాళ్ళ నాన్న అంగట్లో అడిగి మరీ ఫ్లోరైడ్ లేనిది తెచ్చాడు. ‘మా అమ్మ పండ్లు చూసినారా సార్? మోకాళ్ళు వంగవు. ఆ ఫ్లోరైడే గదా మా ఊరిని తినేసింది. దాన్ని మళ్ళా పాప నోట్లో పెట్టమంటారా?’

ఈ కేసులో నాకు బాగా గుర్తున్న మాట ఇదే. చదువురానితనం అనుకుని దాటేస్తే ఓడిపోయేవాడిని. ఆయన చూసినదాన్ని బట్టి ఆయన మాట సరైనదే. ఏళ్ళ తరబడి లీటర్ల కొద్దీ కడుపులోకి పోయే ఫ్లోరైడ్ వేరు, పంటి మీద రాసి ఉమ్మేసేది వేరు అని చెప్పాల్సి వచ్చింది. పళ్ళ మీద చారలు పడేది పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే. 16 ఏళ్ళ పిల్లకు జ్ఞానదంతాలు తప్ప అన్ని పళ్ళ పైభాగాలూ ఎప్పుడో తయారైపోయాయి. హాస్టల్లో తాగేది ఆర్‌ఓ నీళ్ళు, అందులో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. యాసిడ్‌కు కరిగిన ఖనిజం తిరిగి పంటిలో కూర్చోవడానికి చుట్టూ కొద్దిగా ఫ్లోరైడ్ ఉండాలి. క్లిప్పులున్న నోటికి అది ఇంకా అవసరం.

పంటి మీద ఫ్లోరైడ్ పూత, వార్నిష్, పూస్తానన్నప్పుడు మళ్ళీ పేచీ. డబ్బా మీద 5 శాతం సోడియం ఫ్లోరైడ్ అని చూసి లెక్క అడిగాడు. అందులో ఫ్లోరైడ్ 22,600 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 22,600. నీళ్ళలో ఒక పీపీఎం అంటే లీటరుకు దాదాపు ఒక మిల్లీగ్రాము. ‘బోరులో ఒకటిన్నర దాటితేనే తాగొద్దంటిరి!’ అని నోరు తెరిచాడు. పూసేది చుక్కలే, అది పంటికి అంటుకుని మెల్లగా వదులుతుంది, మూడు నెలలకోసారే అని చెప్పి, ముందు నా పళ్ళకే పూసుకుని చూపించాను. అది వైద్యశాస్త్రంలో ఏ రుజువూ కాదు. కానీ ఆయన ఒప్పుకున్నాడు.

పేస్టు 1000 పీపీఎం దగ్గరున్న మామూలుదే చెప్పాను. ఉదయం హాస్టల్లో కుళాయిల దగ్గర క్యూ, అరనిమిషం కూడా నిలబడనివ్వరు. కాబట్టి అసలు తోమడం రాత్రి పదిన్నర తర్వాతకు మార్చాం. అప్పుడు కుళాయిలు ఖాళీ. బ్రష్‌ను చిగురు వైపు నుంచి ఒకసారి, అంచు వైపు నుంచి ఒకసారి వంచి క్లిప్పు చూరులోకి దూర్చాలి. తర్వాత తీగ కింద చిన్న బ్రష్. చివరికి ఉమ్మేయాలి, నీళ్ళు పోసి పుక్కిలించకూడదు. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, అప్పుడు ఆ పేస్టు పంటి మీద మిగిలి ఉండాలి. ఆదివారం ఆదివారం రంగు మాత్ర. రూమ్మేట్లు కూడా నమిలి చూసుకుని నవ్వుకున్నారట.

నా చేతి పని

తొమ్మిదో నెలకు పది చోట్ల ఉన్న రక్తం మూడు చోట్లకు తగ్గింది. వాసన పోయింది. కొత్త మరకలు లేవు. పై పక్క పళ్ళు రెండు మాత్రం మొండికేశాయి. రంగు మాత్ర వేస్తే అక్కడ గులాబీ గీత అలాగే ఉంటోంది.

మళ్ళీ అమ్మాయినే అడగబోయి ఆగాను. భూతద్దాలు పెట్టుకుని సన్నటి ప్రోబ్‌తో క్లిప్పు అంచు వెంట గీకి చూశాను. రెండు పళ్ళకూ చిగురు వైపు ఠక్కున తగిలింది. క్లిప్పు అతికించేటప్పుడు పక్కకు పొంగిన కాంపోజిట్, అంటే క్లిప్పును పంటికి అంటించే జిగురు. గట్టిపడక ముందే తుడిచేయాలి. నేను తుడవలేదు, లేదా సగమే తుడిచాను. గరుకైన ఆ అంచు మీద పాచి పట్టుకున్నంత గట్టిగా ఎనామెల్ మీద పట్టుకోదు. ఏ బ్రష్ తెచ్చినా ఆ గట్టు కిందకు పోదు. ఎనిమిది నెలలు ఆ పిల్ల నా గట్టును తోముతోంది.

అరగదీసే చిన్న మొనతో (బర్) దాన్ని గీకి నున్నగా చేశాను. ఇద్దరికీ చెప్పాను. ‘ఇది మీ తప్పు కాదు, నాది’ అంటే వాళ్ళ నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ‘మరి మా పాపను ఏడిపించినారే’ అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆమెకు సారీ చెప్పాను. మూడు వారాలకు ఆ రెండు చోట్లా రక్తం ఆగింది.

పదో నెలలో లాగడం మళ్ళీ మొదలుపెట్టాను. కోరపంటి మీద చిగురు ఇంకా కొంచెం ఎత్తుగానే ఉంది. లేజర్‌తో కోసేద్దామా అన్న ఆలోచన వచ్చింది. రక్తం లేదు, పాచి కింద దాగడం లేదు. క్లిప్పులు తీశాక చాలావరకు తనంతట తానే తగ్గుతుంది కాబట్టి వదిలేశాను. తగ్గింది.

తీసిన తర్వాత

అనుకున్న 22 నెలలకు 28 పట్టింది. క్లిప్పులు తీసిన రోజు అద్దంలో చూసుకుని అందరూ నవ్వుతారు. ఈమె ముందు మరకలు చూసుకుంది. వాటి మీద గట్టి వార్నిష్ పూసి త్వరగా పోగొడదామని ఎవరికైనా అనిపిస్తుంది. ముందు పళ్ళ మీద అప్పుడు అలా పూయలేదు. ఎక్కువ ఫ్లోరైడ్ ఒక్కసారిగా పైపొరను బిగించేస్తే లోపలి బోలుతనం అలాగే ఉండి తెల్లదనం శాశ్వతంగా నిలిచిపోవచ్చు. మామూలు పేస్టు, లాలాజలం, ఆరు నెలల ఓపిక. చూర్లు పోయాయి కాబట్టి బాక్టీరియా సంఖ్య కూడా వారాలు, నెలల మీద దిగుతుంది. అందరిలోనూ పూర్తిగా మొదటి స్థితికి రావాలని లేదు.

ఆరు నెలలకు కోరపళ్ళ మీద మరకలు ఆరబెడితే తప్ప కనిపించలేదు. పక్క పళ్ళ మీదవి, నేను గట్టు వదిలిన చోటివి, చిన్నవయ్యాయి గానీ పోలేదు. పల్చటి రెజిన్ ఇంకించి ఆ తెల్లదనాన్ని కప్పే పద్ధతి ఉందని, ఖర్చు నాదని చెప్పాను. వద్దంది. ‘నవ్వితే కనపడవులే సార్’ అంది. నిజమే, పెదవి కింద దాగుతాయి. కింది పళ్ళ వెనక శాశ్వతంగా అతికించిన సన్నటి తీగ చుట్టూ గార పట్టడం మాత్రం అప్పుడే మొదలైంది. ఆరు నెలలకోసారి శుభ్రం చేయించుకోమన్నాను.

ఒక లోటు ఉంది. ఎప్పుడూ ఆమె నోటి నుంచి నమూనా తీసి ఏ బాక్టీరియా ఎంత ఉందో పరీక్షకు పంపలేదు. మ్యూటన్స్ లెక్క చూపే కిట్లు ఉన్నాయి. లెక్క ఎంత వచ్చినా నేను చేయబోయేది మారదు కాబట్టి ఆ ఖర్చు పెట్టించలేదు. అందుకే పైన బాక్టీరియా గురించి రాసినదంతా ఇతరుల పరిశోధన ఆధారంగా నేను చేసిన ఊహ. ఈమె నోట్లో నేను కొలిచింది రక్తం, రంగు, మరకలు మాత్రమే. ఒకేసారి చాలా మార్చాను కాబట్టి బాటిల్ ఎంత, పేస్టు ఎంత, గట్టు ఎంత అని విడదీసి చెప్పలేను. కొత్త మరకలు ఆగడం బాటిల్‌తో, పేస్టుతో, వార్నిష్‌తో ముడిపడిందని, ఆ రెండు పళ్ళ చిగురు గట్టుతో ముడిపడిందని మాత్రం గట్టిగా అనుకుంటున్నాను.

ఇప్పుడు క్లిప్పులు వేసే ముందు నా దగ్గర కొన్ని పనులు మారాయి. పేస్టు ట్యూబు, నీళ్ళ బాటిల్ తెమ్మంటాను. హాస్టల్ పిల్లలైతే కుళాయి దగ్గర ఎంతసేపు నిలబడనిస్తారో అడుగుతాను. పాత ఫిల్లింగులుంటే మొదటి రోజే వార్నిష్. నెలనెలా రాలేని వాళ్ళకు రబ్బర్లు వేయను, స్టీలు కట్టే. క్లోర్‌హెక్సిడిన్ రాస్తే ఆపాల్సిన తేదీ, తోమిన అరగంటకే అన్న మాట తెలుగులో చీటీ మీద రాస్తాను. అతికించడం అయ్యాక మా అసిస్టెంట్ భూతద్దాలు పెట్టుకుని అన్ని క్లిప్పుల అంచులూ చూస్తుంది. ఆమె సరే అంటేనే పేషెంట్ కుర్చీ దిగుతాడు. మొదట్లో నాకు కొంచెం నామోషీగా ఉండేది.

మొన్న వేసవిలో వాళ్ళ నాన్న కొడుకును తీసుకొచ్చాడు, వాడికీ పై పళ్ళు ముందుకే. కూర్చోగానే సంచిలోంచి పేస్టు ట్యూబు తీసి టేబుల్ మీద పెట్టి, వెనక్కి తిప్పి, ‘చదవండి సార్, సరిపోతుందా?’ అన్నాడు. పక్కనే వాడి బాటిల్ కూడా పెట్టాడు. మా అసిస్టెంట్ మూత తీసి వాసన చూసింది.